పొయ్యి మూల నుంచి గుప్పెడున్నర

మా నాన్న డిష్ పెట్టే పద్ధతి చూస్తే చదువుకున్నవాళ్ళకి నవ్వొస్తుంది. నాకూ వచ్చేది. ఏ ఇంటికి వెళ్ళినా ముందు "పొయ్యి గదెటమ్మా?" అని అడిగేవాడు. మా చోడవరం చుట్టుపక్కల ఎంత చిన్న ఇల్లయినా సరే, పొయ్యి ఆగ్నేయం మూలే ఉంటుంది. వాస్తు తప్పితే మావాళ్ళకి ముద్ద దిగదు. నాన్న డాబా ఎక్కి, ఆ మూలకి ఎదురుగా నిలబడి, కుడిచెయ్యి బారుగా చాచి గుప్పెట బిగించి, మూల నుంచి దక్షిణం వైపుకి గుప్పెడున్నర జరిపేవాడు. డిష్ మూతి అటు తిప్పి, కిందికి ఒక కేక పెట్టేవాడు.

"బొమ్మొచ్చిందా?"

లోపల టీవీ ముందు కూర్చున్న ఆడమనిషి "వచ్చింది బాబూ" అనేది. నూటికి తొంభైసార్లు మొదటి కేకకే వచ్చేది. అప్పుడు జేబులోంచి ఒక చిన్న సీసా తీసేవాడు. అది నేను వాడి పారేసిన గోళ్ళ రంగు. దాంతో గొట్టం మీద, బిగింపు దగ్గర, ఎర్రగా ఒక గీత గీసేవాడు. గాలికి డిష్ తిరిగిపోతే తనని పిలవక్కర్లేకుండా ఇంటివాళ్ళే ఆ గీత దగ్గరికి తెచ్చుకుంటారని. తన గిరాకీ తనే పోగొట్టుకుంటాడని అమ్మ విసుక్కునేది.

చోడవరం బస్టాండు దగ్గర మాకొక కొట్టు. టీవీలు బాగుచెయ్యడం, ఊళ్ళలో డిష్‌లు బిగించడం నాన్న పని. మాడుగుల దాకా, చీడికాడ అవతల కొండ కింద ఊళ్ళ దాకా ఆయన గీసిన ఎర్ర గీతలుండేవి. నేను విశాఖపట్నంలో ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగ్ చదువుతుండేదాన్ని. మూడో సంవత్సరంలో యాంటెన్నాల పాఠం వచ్చింది. భూమ్మీద మనం ఉన్న చోటు తెలిస్తే, ఆకాశంలో ఉపగ్రహం ఏ దిక్కున, ఎంత ఎత్తున ఉందో కాగితం మీద తేల్చే సూత్రం అందులో ఉంది. ఆ ఆదివారమే కూర్చుని మా ఊరికి లెక్క కట్టాను. ఉత్తరం నుంచి నూట నలభై తొమ్మిది డిగ్రీలు. ఇంటికొచ్చి నాన్న ముందు పెట్టాను.

"పొయ్యి చూసి డిష్ పెట్టడమేటి నాన్నా? ఎవరైనా వింటే నవ్వుతారు. ఇదిగో, ఇదీ లెక్క."

ఆయన ఆ కాగితాన్ని రెండు చేతుల్తో పట్టుకుని చూశాడు. "ఇంత పెద్ద లెక్క నువ్వే సేసేవేటే?" అన్నాడు. మర్నాటికి దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి చొక్కా జేబులో వేసుకున్నాడు. నేను ఆయన ఫోన్‌లో దిక్సూచి యాప్ కూడా ఎక్కించి, సూది నూట నలభై తొమ్మిది చూపించిన వైపు డిష్ తిప్పాలని నేర్పాను. పన్నెండేళ్ళుగా తప్పని చెయ్యిని ఆయన ఆరోజుతో పక్కన పెట్టేశాడు. ఊరూరా ఆ కాగితం తీసి చూపించి "మా గుంట లెక్క", అంటే మా అమ్మాయి కట్టిన లెక్క, అని చెప్పేవాడట. నాకు గర్వంగా ఉండేది. ఇప్పుడు ఆ గర్వం గుర్తొస్తే ఒళ్ళు మండుతుంది.

నాలుగో సంవత్సరం పరీక్షలవుతున్నాయి. రోహిణి కార్తె ఎండలు. చీడికాడ దాటాక కొండ కింద ఒక ఊళ్ళో నాన్నకి పని పడింది. పదకొండున్నరకి నాకు ఫోన్ చేశాడు. ఆవేళ పరీక్ష లేదు. ల్యాబ్ బయట మెట్ల మీద నలుగురం కూర్చుని ఐస్‌క్రీం తింటున్నాం.

"నువ్వు సెప్పిన నెంబరు కాడ బొమ్మ లేదే," అన్నాడు.

"నూట నలభై తొమ్మిదే నాన్నా. లెక్క తప్పదు. మళ్ళీ చూసుకో."

"అంతేనంటావా?"

"అంతే."

"సరే అయితే. అన్నం తిన్నావేటి?"

జవాబు చెప్పకుండానే పెట్టేశాను. పన్నెండున్నరకి మళ్ళీ చేశాడు. ఎత్తలేదు. పనుందని కాదు, కోపమొచ్చీ కాదు. అదే మాట మళ్ళీ చెప్పాలన్న బద్ధకం, అంతే.

రెండింటికి డాబా దిగాడట. ఇంటివాళ్ళు మజ్జిగ ఇస్తే రెండు గుక్కలు తాగి అరుగు మీద పడుకున్నాడట. వాంతులు పట్టుకున్నాయి. ఒళ్ళు కాలిపోతుంటే ఆటోలో వేసి చోడవరం తీసుకొచ్చారు. నేను విశాఖపట్నం నుంచి బస్సెక్కి వచ్చేసరికి మాట లేదు. సాయంత్రం అయిదు దాటాక పోయాడు. వడదెబ్బ అన్నారు.

చావింటికి వచ్చినవాళ్ళందరితో అమ్మ ఒకటే మాట అంది. "ఆ ఇంటోళ్ళు మనిషిని ఎండలో నిలబెట్టి సంపీసేరు." దినాల తర్వాత కూడా అదే అంది. సంతలో ఆ ఇంటావిడ ఎదురైతే మొహం తిప్పుకుని వెళ్ళిపోయేది. నేను పక్కనే ఉండి వినేదాన్ని. నాన్న నాకు ఫోన్ చేశాడని, మళ్ళీ చూసుకోమని నేనే అన్నానని అమ్మకి చెప్పలేదు. ముక్కూ మొహం తెలియని మనుషుల మీద నింద పడుతుంటే ఊరుకున్నాను. పిరికితనానికి అంతకన్నా పెద్ద పేరు అక్కర్లేదు.

ఎంటెక్ ఇంటర్వ్యూలో అడిగారు, యాంటెన్నాలే ఎందుకని. ఆసక్తి సార్ అన్నాను. పీహెచ్‌డీ ఇంటర్వ్యూలోనూ అదే అన్నాను. అసలు సంగతి వేరు. నా లెక్క తప్పా, కాదా? అది తేలాలి నాకు. సూత్రం తిరగేసి మరగేసి వందసార్లు చేశాను. ప్రతిసారీ నూట నలభై తొమ్మిదే వచ్చేది. లెక్క సరైనదయితే బొమ్మ రావాలి. బొమ్మ రాలేదు కాబట్టే మనిషి మూడు గంటలు ఎండలో ఉన్నాడు. రెండూ నిజం ఎలా అవుతాయి?

దానికి దారి పరిశోధన మొదలుపెట్టిన వారంలోనే దొరికింది. దొరక్కపోయినా బాగుండేది. మా గైడ్ మేడమ్ నన్ను కొలతల గదికి తీసుకెళ్ళింది. గోడలకీ, కప్పుకీ, నేలకీ నీలం రంగు నురుగు మొనలు పొదిగిన గది అది. తలుపు వేస్తే బయటి సిగ్నల్ లోపలికి రాదు, లోపల పుట్టింది గోడలకి తగిలి వెనక్కి రాదు. మధ్యలో తిరిగే పీట మీద యాంటెన్నా పెట్టి, అది ఏ వైపు ఎంత బలంగా పంపుతోందో గీత గీయిస్తారు. మేడమ్ మొదట ఒక గీత గీయించింది, గుండ్రంగా చక్కగా వచ్చింది. తర్వాత టీ తాగే స్టీలు గ్లాసొకటి తెచ్చి యాంటెన్నా పక్కన పెట్టి మళ్ళీ గీయించింది. గీత ఒక పక్కకి వంకర తిరిగింది.

"కొలత అబద్ధం చెప్పదు. కాకపోతే పక్కన ఏముందో దాన్ని కూడా కలిపి చెబుతుంది. అందుకని కొలిచే ముందు చుట్టూ చూడు," అందావిడ.

నాకు ఆ స్టీలు గ్లాసు చోట ఇనప ఊచలు కనిపించాయి. మావైపు డాబాలన్నిటి మీదా ఉంటాయవి. ఇంకో అంతస్తు వేసుకుందామని స్తంభాల్లోంచి మొలకల్లా పైకి వదిలేస్తారు. గాలికి పడిపోకుండా నాన్న డిష్ గొట్టాన్ని ఆ ఊచలకే కట్టేవాడు. ఇనుము పక్కన దిక్సూచి పెడితే సూది పక్కకి పోతుంది. ఇది పీహెచ్‌డీ చదువు కాదు, ఆరో తరగతి పాఠం. అయస్కాంతం, మేకు పెట్టి నేనే చేసి చూపించి టీచరు చేత శభాష్ అనిపించుకున్నాను. నాన్నకిచ్చిన కాగితం మీద నెంబరు రాశాను. ఇనుముకి దూరంగా నిలబడి చూడు అన్న ముక్క మాత్రం రాయలేదు. మిగతా డాబాల మీద అనుకోకుండానే దూరంగా నిలబడి చూసి ఉంటాడు.

ఆ ఇంటి మీద ఊచలున్నాయా? చీడికాడ బస్సెక్కితే సాయంత్రానికల్లా తేలిపోయే విషయం. ఏడేళ్ళు ఎక్కలేదు.

అందుకు బదులు థీసిస్ రాశాను. కట్టడాల్లోని ఇనుము పక్కనున్న యాంటెన్నాని ఎలా పాడుచేస్తుందన్నది నా విషయం. మంచి సబ్జెక్టు పట్టావని అందరూ మెచ్చుకున్నారు. ల్యాబులో నా చాదస్తం అందరికీ తెలుసు. గదిలోకి ఎవరొచ్చినా తలలో పిన్నులు, బెల్టులు, తాళాలు, కడియాలు బయట పళ్ళెంలో పెట్టాలి. జూనియర్లు నాకు సెక్యూరిటీ ఆంటీ అని పేరు పెట్టారు. పెట్టుకోనీ. ఒకడు వెండి మొలతాడు తీయడానికి ఒప్పుకోకపోతే వాణ్ణి ఆరోజుకి లోపలికి రానివ్వలేదు. వాడు మేడమ్ దగ్గరికెళ్ళి ఫిర్యాదు కూడా చేశాడు.

ఆ గదిలో ఇంకో బాధ ఉంది. సిగ్నల్నే కాదు, ఆ నురుగు చప్పుడుని కూడా మింగేస్తుంది. తలుపు వేశాక కొంతసేపటికి మన చెవుల్లో రక్తం పారుతున్నట్టు వినిపిస్తుంది. మెడ తిప్పితే ఎముక చప్పుడు. అందరికీ అంతవరకే వినిపిస్తుంది. నాకు ఇంకొకటి వినిపించేది. పైనుంచి, ఎడమ పక్క నుంచి, కాస్త బొంగురుగా.

"బొమ్మొచ్చిందా?"

నేను దెయ్యాల్ని నమ్మే మనిషిని కాదు. కొత్త పరికరానికి నిమ్మకాయ కడితే కూడా కోప్పడతాను. మొదటిసారి విన్నప్పుడు బయట ఎవరో అరిచారనుకుని తలుపు తీసి చూశాను. పట్టపగలు, వరండాలో ఎవరూ లేరు. తర్వాత్తర్వాత అలవాటయింది. పీట తిప్పి, గీత కోసం ఎదురుచూస్తుంటే ఆ కేక వచ్చేది. పెదాలు బిగించుకుని కూర్చునేదాన్ని. ఒకసారి తట్టుకోలేక తోటి స్కాలర్‌తో చెప్పాను. మనం ఫోన్‌లో మాట్లాడిన మాటలు తరంగాలుగా అంతరిక్షంలో ఇంకా వెళుతూనే ఉంటాయి, మీ నాన్న గొంతు ఎక్కడికీ పోలేదు అని ఓదార్చాడు. వెళుతున్నది నాన్న గొంతొక్కటేనా, మళ్ళీ చూసుకో అన్న నా గొంతు కూడా వెళుతోంది కదా అని అతని మీద విరుచుకుపడ్డాను. పాపం, మంచికే అన్నాడు. తర్వాత క్షమించమని అడిగాను.

ఈ ఏడు థీసిస్ ఇచ్చేసి చోడవరం వచ్చాను. నాన్న కొట్లో ఇప్పుడు అమ్మ జిరాక్సు మిషను పెట్టుకుంది, ఫోన్ రీఛార్జులు చేస్తుంది. ఒక మధ్యాహ్నం నేనూ అమ్మా కొట్లో ఉండగా ఒకావిడ వచ్చి మెట్టు కిందే నిలబడింది. చేతిలో గుడ్డలో చుట్టిన వస్తువేదో ఉంది. అమ్మ ఆవిణ్ణి చూసి, చేతిలో కాగితాలు అక్కడ పడేసి లోపలికి వెళ్ళిపోయింది. ఎవరో నాకు అర్థమైంది.

"మీ నాన్నగారిది పాపా," అని గుడ్డ విప్పింది. స్పానరు. "డాబా మీద ఊచల సందులో ఇరుక్కుపోయింది. గోడ పూత పూస్తంటే దొరికింది. ఎన్నిసార్లో రావాలనుకున్నాను, మీ అమ్మగారి మొహం సూడ్డానికి బయమేసింది."

ఊచలు. నేను అడక్కుండానే ఆవిడ చెప్పేసింది. నేను స్పానరు పట్టుకుని ఆవిడ వెంటే బస్సెక్కాను.

కొండ కింద ఊరు. ముందు సగం డాబా, వెనక సగం రేకులు. లోపల టీవీలో ఏదో సీరియల్ వస్తోంది. ఆవిడ నన్ను మెట్ల మీదుగా పైకి తీసుకెళ్ళింది. మూలన నాలుగు ఊచలు తుప్పుపట్టి నడుం ఎత్తున నిలబడి ఉన్నాయి. వాటికి గొట్టం, గొట్టానికి డిష్. బిగింపు దగ్గర గోళ్ళ రంగు గీత. ఏడేళ్ళ ఎండకి ఎరుపు పోయి ఇటుక రంగుకి తిరిగింది. దాని చుట్టూ గొట్టం మీద బిగింపు రాసుకున్న గీతలు, ఇటూ అటూ ఎన్నో ఉన్నాయి. నేను ఆ గీతల మీద వేలు పెట్టి చూస్తుంటే ఆవిడ అంది.

"పదకొండు కాకుండానే బొమ్మ వచ్చీసింది పాపా."

నాకు అర్థం కాలేదు. ఏమన్నారు అని అడిగాను.

"బొమ్మ వచ్చీసింది. సెయ్యి సాసి గుప్పెట కొలతకి తిప్పేడు, ఆ ఎర్ర రంగు కూడా రాసీసేడు. మేం దిగిపోండి బాబూ, బోంచేసి ఎల్దురు గాని అన్నాం. అంతలో ఫోన్ సూసుకున్నాడు. 'ఇది మా గుంట సెప్పిన నెంబరు కాదమ్మా. ఇది అందాజు బొమ్మ, వానొస్తే పోతాది. మా గుంట లెక్కకి పెడితే గట్టిగా నిలబడతాది' అని మళ్ళీ ఇప్పీసేడు. ఎంత తిప్పినా ఆ నెంబరుకి బొమ్మ రాలేదు. సివరికి రెండింటికి ఎర్ర గీతకాడే బిగించీసి దిగేడు."

ఆవిడ కిందికి వెళ్ళాక నేను ఫోన్ తీశాను. దిక్సూచి యాప్ తెరిచాను. ఊచల పక్కన నిలబడి, డిష్ చూస్తున్న దిక్కుకి ఫోన్ తిప్పాను. నూట డెబ్బై ఒకటి. అక్కడి నుంచి డాబా అవతలి కొసకి నడిచాను. నాలుగడుగులు. అక్కడ నిలబడి మళ్ళీ అదే దిక్కుకి తిప్పాను. సూది కాసేపు ఊగి నిలబడింది. నూట నలభై తొమ్మిది.

నా లెక్క తప్పు కాదు. ఆయన చెయ్యీ తప్పు కాదు. కింద పొయ్యి గది మూల కనిపిస్తోంది, దాని గోడ మీద పొగ మసి ఉంది. దానికి ఎదురుగా నిలబడి కుడిచెయ్యి చాచాను. ఆగ్నేయమంటే నూట ముప్పై అయిదు. చాచిన చేతి గుప్పెట పది డిగ్రీలు, సగం గుప్పెట ఇంకో నాలుగైదు. మూల నుంచి గుప్పెడున్నర జరిపాను. వేళ్ళ అంచు తిన్నగా డిష్ చూస్తున్న వైపే ఆగింది. నేను సూత్రం పట్టుకుని సాధించిన నెంబరు ఆయన గుప్పెట్లో పన్నెండేళ్ళుగా ఉంది. నేను నవ్వింది దాన్ని చూసే. ఆ ఎండలో ఆ డాబా మీద కూర్చుని గట్టిగా ఏడ్చాను. ఆవిడ మజ్జిగ పట్టుకొచ్చి, ఏమీ అడక్కుండా పక్కన పెట్టి వెళ్ళింది.

కొట్టుకి వచ్చేసరికి అమ్మ ముందు గదిలో ఉంది. స్పానరు బల్ల మీద పెట్టి, అంతా చెప్పేశాను. మెట్ల మీద ఐస్‌క్రీం, మళ్ళీ చూసుకో అన్న మాట, ఎత్తని ఫోన్, ఊచలు, నాలుగడుగులు. ఒక్క ముక్క మిగల్చలేదు. వాళ్ళ తప్పు లేదమ్మా, నాది అన్నాను. అమ్మ స్పానరు తీసి కొంగుతో తుడవడం మొదలుపెట్టింది.

"నాకు తెల్సు," అంది.

"ఏటి తెల్సు?"

"ఆవేళ ఒంటిగంటకి నాకూ ఫోన్ చేసేడు. బొమ్మ వచ్చిందే గానీ గుంట సెప్పిన నెంబరుకి రావట్లేదు, అది ఫోన్ ఎత్తట్లేదు అన్నాడు. ఎండగా ఉంది దిగిపో మావా అన్నాను. ఇదిగో, దానికి సెప్పకు, లెక్క తప్పయిందని బెంగెట్టుకుంటాది, పరీచ్చలున్నాయి అన్నాడు. అదే కడసారి మాట."

"మరి ఇన్నేళ్ళూ ఆ ఇంటోళ్ళని తిట్టేవేటమ్మా?"

"ఎవర్నో ఒకర్ని తిట్టకపోతే నాకు ఊపిరాడలేదు. నిన్ను తిట్టమంటావేటే?" స్పానరు సొరుగులో పెట్టి మూసింది. అప్పుడు అడిగింది. "ఆ ఇంట్లో బొమ్మ బాగా వస్తందా?"

"వస్తంది."

"వానకి పోతందా?"

"పోదంట."

అమ్మ తల ఊపింది. రేపు సంతలో ఆవిడ కనబడితే పలకరిస్తానంది. కొట్టు ముందు ఎవరో జిరాక్సుకి వచ్చారు, ఆ కాగితాలు అందుకుంది.

మళ్ళీ ల్యాబుకి వచ్చేశాను. ఇప్పుడు జూనియర్లకి కొలతలు నేర్పేది నేనే. మొదటి రోజు స్టీలు గ్లాసు పెట్టి చూపిస్తాను. ఆగ్నేయం మూల నుంచి గుప్పెడున్నర జరపడం కూడా నేర్పుతాను. నవ్వినవాణ్ణి నవ్వనిస్తాను, తర్వాత లెక్క వాడి చేతనే కట్టిస్తాను.

నిజం తేలితే ఆ కేక ఆగిపోతుందనుకున్నాను. ఆగలేదు. ఒంటరిగా తలుపు వేసుకున్నప్పుడు, పీట తిరిగి నిలబడ్డాక, పైనుంచి, ఎడమ పక్క నుంచి అడుగుతూనే ఉన్నాడు. పెదాలు బిగించుకోవడం మాత్రం మానేశాను. వచ్చింది నాన్నా, పదకొండుకే వచ్చేసింది, దిగిపో, ఎండగా ఉంది అని పైకే చెబుతున్నాను. ఇంతవరకు దిగలేదు.